నల్లా నిర్వహణ ఇక ఊరిదేనట.. మరి పెత్తనం ఎవరిది?

సంక్రాంతికో దసరాకో సొంతూరు వెళ్లినప్పుడు ఇది మీ కంట పడే ఉంటుంది. ఇంటి ముందు నల్లా ఉంటుంది. రోజూ కాకపోయినా నీళ్లు వస్తూనే ఉంటాయి. అయినా వంటింటి మూలన 20 లీటర్ల క్యాన్ ఉంటుంది. బండికి అటొకటి ఇటొకటి క్యాన్లు తగిలించుకుని 'ప్లాంటు' నుంచి నీళ్లు తెచ్చుకునేవాళ్లు పొద్దున్నే కనిపిస్తారు. నల్లా నీళ్లు బట్టలకూ గిన్నెలకూ, కొన్న నీళ్లు తాగడానికీ. ట్యాంకు ఎప్పుడు కడిగారో, నీళ్లలో క్లోరిన్ వేశారో లేదో తెలియనప్పుడు ఎవరైనా చేసేది ఇదే.

ఆ ట్యాంకును ఎవరు కడగాలి, మోటారు కాలితే ఎవరు బాగు చేయించాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అన్నవి వినడానికి చిన్న ప్రశ్నలు. కానీ దేశంలో గ్రామీణ తాగునీటి పథకాల భవిష్యత్తు ఇప్పుడు వాటి మీదే ఆధారపడి ఉంది.

కేంద్రం 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్‌ను ప్రకటించింది. అప్పటికి నల్లా ఉన్న గ్రామీణ ఇళ్లు 3.23 కోట్లు. ప్రతి ఇంటికీ నల్లా, ప్రతి మనిషికీ రోజుకు 55 లీటర్ల మంచినీరు అన్నది లక్ష్యం. 2024 నాటికి పూర్తి కావాల్సింది కాలేదు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో గడువును 2028 వరకు పొడిగించారు. 15 కోట్ల ఇళ్లకు, అంటే గ్రామీణ జనాభాలో 80 శాతానికి మేలు జరిగిందని ఆ ప్రసంగంలోనే చెప్పారు. ఇకపై పనుల నాణ్యత మీద, 'జనభాగీదారీ'తో పథకాల నిర్వహణ మీద దృష్టి పెడతామనీ ప్రకటించారు.

జనభాగీదారీ అంటే ప్రజల భాగస్వామ్యం. దేనిలో భాగస్వామ్యం అన్నదే అసలు ప్రశ్న. బిల్లులు కట్టడంలోనా, నిర్ణయాలు తీసుకోవడంలోనా?

కాగితం మీద ఏముంది?

కాగితం మీద చూస్తే ఊరికి ఇచ్చింది తక్కువేమీ కాదు. జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల ప్రకారం ప్రతి ఊళ్లో 10 నుంచి 15 మందితో నీటి, పారిశుద్ధ్య కమిటీ ఉండాలి. అందులో సగం మంది మహిళలు ఉండాలి. పావు వంతు వరకు పంచాయతీకి ఎన్నికైన సభ్యులు ఉండొచ్చు. ఊరి నీటి ప్రణాళిక ఈ కమిటీయే రాసుకోవాలి. ఎంత వసూలు చేయాలో అదే తేల్చాలి. ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చి శిక్షణ ఇవ్వాలి.

ఊరి వాటా కూడా ఉంది. ఊరి లోపల వేసే పైపులు, ట్యాంకుల ఖర్చులో 10 శాతం ఊరే భరించాలి. కొండ, అటవీ ప్రాంతాల్లో, ఎస్సీ, ఎస్టీ జనాభా ఎక్కువగా ఉన్న ఊళ్లలో అయితే 5 శాతం. డబ్బు రూపంలోనే ఇవ్వక్కర్లేదు. సామగ్రి ఇవ్వొచ్చు, శ్రమ చేయొచ్చు. పథకం సరిగా పనిచేయడం మొదలయ్యాక ఊరి లోపలి పనుల ఖర్చులో 10 శాతాన్ని ప్రోత్సాహకంగా ఇవ్వాలి. మోటారు కాలినా పైపు పగిలినా వాడుకోవడానికి ఊరి చేతిలో అది నిధిగా ఉంటుంది.

వాటా పెట్టినవాడు లెక్క అడుగుతాడు. ఈ నిబంధన వెనక ఉన్న ఆలోచన అదే. కానీ పైపుల కాంట్రాక్టు పైనెక్కడో ఖరారై, ట్యాంకు ఎక్కడ కట్టాలో ఇంజినీరే తేల్చేసి, చివర్లో సంతకాల కోసం కమిటీని పిలిస్తే ఆ ఆలోచన అక్కడితో చచ్చిపోతుంది.

గంగదేవిపల్లిలో ఏం జరిగింది?

ఈ పథకాలేవీ లేని రోజుల్లోనే ఆ ఆలోచనను ఆచరించి చూపిన ఊరు మన దగ్గరే ఉంది. వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి. చిన్న ఊరు. 1994లో విడి పంచాయతీ అయింది. అంతకు పన్నెండేళ్ల ముందే, 1982లో, ఊరంతా కలిసి మద్యం వద్దని కట్టుబాటు చేసుకుంది. ఆ తర్వాత తాగునీటి సమస్య మీద పడింది. కాజీపేట కేంద్రంగా పనిచేసే 'బాల వికాస' స్వచ్ఛంద సంస్థ తోడొచ్చింది. పూర్తి ఖర్చు మేం పెట్టం, మీ వాటా మీరు పెట్టుకోవాలన్నది ఆ సంస్థ షరతు. ఊరివాళ్లు చందాలు వేసుకున్నారు.

తర్వాతి ఏళ్లలో అక్కడ ప్రతి పనికీ ఒక కమిటీ పుట్టింది. తాగునీటికి ఒకటి, పారిశుద్ధ్యానికి ఒకటి, బడికి ఒకటి, చివరికి కేబుల్ టీవీకి కూడా ఒకటి. దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఏదో ఒక కమిటీలో ఉన్నారు. పన్నులు నూటికి నూరు శాతం వసూలయ్యాయి. నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. ఊరు ఆదర్శ గ్రామంగా పేరు తెచ్చుకోవడంతో చూడటానికి ఇతర రాష్ట్రాల నుంచీ బృందాలు వచ్చాయి.

ఈ కథను చాలామంది 'ఊరి ఐకమత్యం' అని చెప్పి ముగిస్తారు. అది నిజమే కానీ అసలు సంగతి ఇంకోటి. ఆ కమిటీల చేతిలో పని ఉంది, పైసా ఉంది. శుద్ధి ప్లాంటు దగ్గర వచ్చే ప్రతి రూపాయికీ లెక్క రాయాలి. దానితోనే ప్లాంటు నడిపే మనిషికి జీతమివ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి, మెంబ్రేన్ పాడైతే కొత్తది కొనాలి. ధర పెంచాలా వద్దా అన్న వాదన కూడా ఊళ్లోనే జరగాలి. అలాంటి వాదన జరిగే చోట కమిటీ బతుకుతుంది.

2015 ఆగస్టు 17న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ 'గ్రామ జ్యోతి' కార్యక్రమాన్ని ఈ ఊళ్లోనే ప్రారంభించారు. గంగదేవిపల్లిని చూసి నేర్చుకోండన్నది సందేశం. ఊరికి ఏడేసి కమిటీలు వేయమన్నారు, వేశారు. మీ ఊళ్లో ఆ ఏడు కమిటీలూ ఇప్పుడు ఏం చేస్తున్నాయో ఎవరినైనా అడిగి చూడండి. కమిటీల సంఖ్యను ఉత్తర్వుతో తేవచ్చు. పదిహేను, ఇరవై ఏళ్లు కూర్చుని లెక్కలు చూసుకున్న అలవాటు ఉత్తర్వుతో రాదు.

ఒక మాట ఒప్పుకోవాలి. మిషన్ భగీరథ లాంటి భారీ పథకం లేకుండా, ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన నల్గొండ పల్లెలకు కృష్ణా నీళ్లు వచ్చేవి కావు. ఏ గ్రామ కమిటీ వల్లా అయ్యే పని కాదది. అయితే నీళ్లు వంద కిలోమీటర్ల అవతలి నుంచి రావడం మొదలయ్యాక ఊరి బావినీ బోరునీ పట్టించుకునేవాళ్లు తగ్గిపోతారు. పెద్ద పైపు ఆగిన రోజున ఊళ్లో అడిగేందుకు మనిషే ఉండడు.

గోడ మీద రాసిన లెక్క

తాగునీటి తర్వాత సాగునీటికి వద్దాం. ఇక్కడ తెలుగు నేలలోనే పుట్టిన ఒక ప్రయోగాన్ని మనమే మర్చిపోయాం.

2000 తర్వాతి దశాబ్దంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల లెక్కలు చూసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ ఆ జిల్లాలు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దీనికి అండగా నిలిచింది. 600కు పైగా పల్లెల్లో రైతులు తమ వానను తామే కొలిచారు, బోర్లలో నీటి మట్టం చూసి రాసుకున్నారు. యాసంగి పంటకు ముందు అందరూ కూర్చుని నేల కింద ఎన్ని నీళ్లున్నాయి, ఎవరు ఏ పంట వేస్తే ఎన్ని కావాలి, లోటెంత అని లెక్క తేల్చారు. ఆ లెక్క ఊరి గోడ మీద అందరికీ కనిపించేలా రాశారు.

ఇక్కడ బోరు వేయొద్దని ఎవరూ ఎవరినీ ఆపలేదు. వరి మానేయమని ఆదేశించలేదు. జరిమానాలు లేవు. లెక్క చూసిన రైతు తన సంగతి తాను ఆలోచించుకున్నాడు. వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లినవాళ్లు గణనీయంగా ఉన్నారని ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక గుర్తించింది.

తర్వాత ప్రాజెక్టు ముగిసింది. డబ్బు ఆగింది. చాలాచోట్ల కొలతలూ మూలపడ్డాయి. వాన కొలిచే పనిని ఏ పంచాయతీ తన రోజువారీ పనుల్లో చేర్చుకోలేదు, దానికి బడ్జెట్‌లో ఒక పద్దు లేదు. స్వచ్ఛంద సంస్థ వెళ్లిపోయాక ఆ పుస్తకం ఎవరిదో తేలలేదు.

కొసమెరుపు ఏంటంటే, నీటి బడ్జెట్‌ను ఊరివాళ్లే వేసుకోవాలన్న అదే ఆలోచనతో కేంద్రం 2019 డిసెంబరులో అటల్ భూజల్ యోజనను ప్రారంభించింది. ఏడు రాష్ట్రాలను ఎంచుకుంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు.

మహారాష్ట్రలోని హివ్రే బజార్ దారి వేరు. అక్కడ గ్రామసభ కఠినంగానే ఉంటుంది. సాగుకు బోర్లు వేయడం నిషేధం. చెరకు, అరటి లాంటి పంటలకు దూరం. భూమిని బయటివాళ్లకు అమ్మకూడదు. ఏటా వానాకాలం అయ్యాక నీటి లెక్క తేల్చి పంటలు నిర్ణయిస్తారు. సర్పంచ్‌గా దీన్ని నడిపిన పోపట్‌రావ్ పవార్‌కు పద్మశ్రీ వచ్చింది. 1990ల నుంచీ ఆ కట్టుబాటు నిలిచిందంటే, ప్రాజెక్టు గడువుతో పనిలేకుండా గ్రామసభే దాన్ని నడుపుతుండటం ఒక ముఖ్య కారణం.

ఊరు పెద్దదైతే?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చిన్న ఊళ్లు. ఒకరికొకరు తెలిసినవాళ్లు. కానీ మనలో చాలామంది 'మా ఊరు' అనుకునేది అలాంటి పల్లె కాదు. బస్టాండు, రెండు మూడు ఫంక్షన్ హాళ్లు, జూనియర్ కాలేజీ, వారం వారం సంత, హైవే పక్కన దాబాలు ఉన్న మండల కేంద్రం. చూస్తే పట్నం, పాలన పంచాయతీది.

జనగణన వాళ్లు ఇలాంటివాటిని 'సెన్సస్ టౌన్' అంటారు. 5 వేలకు తగ్గని జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, పనిచేసే మగవాళ్లలో 75 శాతం సాగుకు బయట ఉండాలి. 2001లో దేశంలో ఇలాంటివి 1,362. 2011కి వచ్చేసరికి 3,894. ఆ తర్వాత ఎన్ని పెరిగి ఉంటాయో మీరే ఊహించవచ్చు.

ఇక్కడ 'ఊరి భాగస్వామ్యం' అన్న మాటకు అర్థమే మారిపోతుంది. అద్దెకుండేవాళ్ల ఓటు వేరే ఊళ్లో ఉంటుంది. ఇల్లు ఇక్కడున్న యజమాని హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు. దుకాణదారు పక్క ఊరి నుంచి వచ్చి వెళ్తాడు. చెత్త వేసేది అందరూ, నీళ్లు వాడేది అందరూ. గ్రామసభకు మాత్రం రావాల్సినవాళ్లెవరో తెలియదు. వాటర్‌మ్యాన్ ఇద్దరు ముగ్గురే, వాల్వులు చాలా. పోనీ మున్సిపాలిటీ చేద్దామంటే జనమే వద్దంటారు. పన్నులు పెరుగుతాయి, గ్రామీణ ఉపాధి పని పోతుంది. విలీనాల మాట వచ్చినప్పుడల్లా రెండు రాష్ట్రాల్లోనూ ఊళ్లు ఆందోళనకు దిగేది అందుకే.

ఇంత పెద్ద ఊళ్లో సముదాయ పాలన సాధ్యమేనా? కేరళను చూడాలి. అక్కడ గ్రామ పంచాయతీలు 941 మాత్రమే. సగటున ఒక్కోదానిలో 20 వేలకు పైగా జనం. అంటే అక్కడి పంచాయతీ మన మండల కేంద్రం కన్నా చిన్నదేమీ కాదు. 1996లో మొదలైన ప్రజా ప్రణాళికలో రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇవ్వాలని నిర్ణయించారు. గ్రామసభను వార్డు స్థాయికి తెచ్చారు. 1998 నుంచి 'కుటుంబశ్రీ' మహిళా సంఘాలు వీధి వీధినా అల్లుకున్నాయి. 2000లో మొదలైన 'జలనిధి'లో కొన్ని పదుల ఇళ్లు కలిసి ఒక చిన్న నీటి పథకాన్ని సొంతంగా నడుపుకునే పద్ధతి తెచ్చారు. నిర్మాణంలో కొంత, నిర్వహణ ఖర్చు మొత్తం వాళ్లదే. పెద్ద ఊరిని ఒకే ముద్దగా చూడకుండా వీధులుగా విడగొట్టారన్నమాట. మన దగ్గర మహిళా సంఘాల బలం కేరళకు తీసిపోదు. కానీ నీళ్లు, చెత్త విషయంలో వాళ్లకు సొంత నిర్ణయాధికారం ఇచ్చిన సందర్భాలు తక్కువ. ఊడ్చే పనికి పిలుస్తారు, లెక్కలు చూసే పనికి పిలవరు.

సర్పంచ్ లేకపోతే డబ్బు రాదు

డబ్బు దగ్గరికి వద్దాం. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య గ్రామీణ స్థానిక సంస్థలకు రూ. 2,36,805 కోట్లు సిఫార్సు చేసింది. అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం కోసమే ఖర్చు చేయాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం కుదరదు. నల్లా నిర్వహణకు కావాల్సిన డబ్బు సూత్రప్రాయంగా ఇక్కడే ఉంది.

కానీ ఈ నిధులకు ఒక షరతుంది. ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. రాజ్యాంగంలోని 243ఇ అధికరణ ప్రకారం ఐదేళ్ల గడువు ముగిసేలోపే పంచాయతీ ఎన్నికలు జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు ముగిస్తే ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో గడువు ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగాయి. మధ్యలో ఇరవై రెండు నెలలు ప్రత్యేకాధికారుల పాలన. ఆ కాలంలో కేంద్ర నిధులు ఆగిపోయి, ట్రాక్టరు డీజిల్‌కు సొంత జేబులో డబ్బు పెట్టిన పంచాయతీ కార్యదర్శుల గోడు పత్రికల్లో వచ్చింది. ఎన్నికలు వాయిదా వేసిన ప్రభుత్వాలే మరోవైపు జనం పాల్గొనాలని పిలుపునిస్తుంటాయి. రెండు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ ఉన్నా, ఈ తీరు మారలేదు.

ఎన్నికలు జరిగాక కూడా సమస్య తీరలేదు. పంచాయతీ ఖాతాలోకి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులను తమకు చెప్పకుండానే విద్యుత్ బకాయిలకు సర్దేశారని ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచులు రోడ్డెక్కారు. నీటి మోటార్లు, వీధి దీపాల కరెంటు బిల్లు పంచాయతీకి పెద్ద భారమన్నది నిజమే. కానీ కట్టాలో వద్దో, ఎప్పుడు కట్టాలో తేల్చాల్సింది పంచాయతీ కదా.

ఆ కరెంటు బిల్లుకే మందు వెతికిన ఊరు ఒకటుంది. తమిళనాడులో కోయంబత్తూరు దగ్గరి ఓడంతురై పంచాయతీ 2006లో 350 కిలోవాట్ల గాలిమర కొనుక్కుంది. ఖర్చు రూ. 1.55 కోట్లు. అందులో రూ. 1.15 కోట్లు బ్యాంకు అప్పు. తన అవసరాలకు పోను మిగిలిన కరెంటును విద్యుత్ బోర్డుకు అమ్మి అప్పు తీర్చింది. పంచాయతీ అప్పు తెచ్చుకోగలదని, వ్యాపారం చేయగలదని మన దగ్గర ఎవరికైనా తడుతుందా అన్నది అనుమానమే.

'ఊరంతా ఒక్కటే' అన్న మాట

సముదాయం అనే మాటను కాస్త అనుమానంతోనే వాడాలి. పైపులైన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడండి. ట్యాంకు దగ్గర ఎవరి ఇళ్లున్నాయి, చివర్లో ఎవరివి? చాలా ఊళ్లలో చివరన ఉండేది ఎస్సీ కాలనీ, ఆ తర్వాత వచ్చిన ఇందిరమ్మ ఇళ్లు. ముందున్నవాళ్లు నల్లాకు మోటారు బిగిస్తే చివరివాళ్లకు చుక్క రాదు. ఆ మోటారు తీయించే ధైర్యం కమిటీకి ఉందా అన్నదే దానికి అసలు పరీక్ష.

శ్రమదానం సంగతీ అంతే. చెరువు పూడిక తీస్తే నీళ్లు ఊరేది పొలమున్నవాడి బోరులో. భూమి లేనివాడు పోగొట్టుకునేది ఒక రోజు కూలి. ఇద్దరూ చెరో తట్ట మోశారు కాబట్టి సమానం అనడం లెక్క కాదు. వాటా నిర్ణయించేటప్పుడు లాభం ఎవరికెంతో కూడా చూడాలి. 10 శాతం, 5 శాతం అన్న నిబంధన ఊరిని బట్టి మారుతుంది తప్ప, ఊరి లోపలి ఈ తేడాను పట్టించుకోదు.

మీ ఊరి లెక్క ఎలా చూడాలి?

ఇదంతా చదివి సొంతూరి మీద మనసు పోతే, దానికి ఊరెళ్లక్కర్లేదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే మీ ఊరి వార్షిక ప్రణాళిక, వచ్చిన నిధులు, చేసిన చెల్లింపులు కనిపిస్తాయి. జల్ జీవన్ మిషన్ డ్యాష్‌బోర్డులో మీ ఊళ్లో ఎన్ని ఇళ్లకు నల్లా ఉందని రాశారో, నీటి కమిటీ వేశారో లేదో ఉంటుంది. కమిటీ ఉందని రాసి ఉంటే, సభ్యులెవరో పంచాయతీ కార్యదర్శిని అడగవచ్చు. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఆ రోజు మీ ఊళ్లో ఏ పనులకు తీర్మానం చేశారో, వాటిలో ఎన్ని అయ్యాయో పోల్చి చూడటానికి ఆ తేదీ పనికొస్తుంది. తెలంగాణలో సర్పంచులు కొత్తవాళ్లు. చేపట్టే పనులు పంచాయతీ ప్రణాళికలోకి ఎక్కాలి. అందులో లేని పనికి ఆర్థిక సంఘం డబ్బు ఖర్చు పెట్టడం కష్టం. ఆ ప్రణాళికకు సంబంధించిన గ్రామసభలు సాధారణంగా అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి. ట్యాంకు శుభ్రం చేయడం, వాటర్‌మ్యాన్ జీతం, నీటి పరీక్షలు అందులో ఉన్నాయో లేవో అమ్మానాన్నలతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అడిగి చూడండి. అలాగే ఊళ్లో మీ పేరున ఇల్లుంటే, దాని పన్ను ఎన్నేళ్ల నుంచి బాకీ ఉందో కూడా కనుక్కోండి.